ఈనెపుల్లకి బీపీ

మా ఇంట్లో బీపీ మామ్మది.

పడక్కుర్చీ నాన్నగారిది, కుట్టుమిషను అమ్మది అయినట్టే బీపీ మామ్మది. ఇంకెవరూ దాని జోలికి వెళ్ళేవారు కాదు. ఎవరైనా చుట్టాలు వచ్చి "ఎలా ఉన్నారండీ" అని అడిగితే మామ్మ, అంటే నాన్నగారి తల్లి, వెంటనే జవాబు చెప్పేది కాదు. కొంగు సర్దుకుని, ఒక్క క్షణం దూలం వైపు చూసి, "బీపీ ఉంది కదండీ" అనేది, రోడ్డు పక్కన ఎకరం ఉంది కదండీ అన్నంత నిబ్బరంగా. వచ్చినవాళ్ళు "ఆయ్, అవునండీ" అని తల ఊపేవారు. ఆవిడకు విడిగా చిన్న గిన్నెలో ఉప్పులేని కూర. విడిగా మాత్రల డబ్బా. వాదనలో ఓడిపోయేటట్టు ఉంటే ఆవిడ చెయ్యి నుదుటి మీదికి వెళ్ళేది, వాదన అక్కడితో ఆగిపోయేది. ఇంత ఉపయోగపడే జబ్బు మా ఇంట్లో మరొకటి లేదు. నాన్నగారి మోకాలి నొప్పికి ఇందులో పదో వంతు పలుకుబడి కూడా ఉండేది కాదు.

నేను ఆ ఇంట్లో బక్కపిల్లని. అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్ళే దారిలో మా ఊరు. ఊళ్ళో నా పేరు చాలామందికి గుర్తుండేది కాదు గానీ ఈనెపుల్ల అంటే అందరికీ తెలుసు. కొబ్బరాకు చీరి, చీపురు కట్టడానికి తీసే పుల్ల అన్నమాట. పెళ్ళిళ్ళలో పెద్దవాళ్ళు నా మణికట్టు చుట్టూ బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టుకుని, లోపల ఇంకా ఎంత చోటు మిగిలిందో పక్కవాళ్ళకు చూపించేవారు. "పిల్లకి తిండి పెట్టట్లేదేంటండీ" అని అమ్మని అడిగేవారు. పాపం అమ్మ, నేను ఆ పూట ఎన్నిసార్లు అన్నం పెట్టించుకున్నానో సాక్ష్యంతో సహా చెప్పేది. ఎవరూ నమ్మేవారు కాదు. నా ఎత్తుకు నా బరువు సరిగ్గానే ఉందని తరువాత ఒక డాక్టరు చెప్పారు. కానీ మా వైపు పిల్లల బరువు కాటా మీద తేల్చరు, బుగ్గల మీద తేలుస్తారు. నాకు బుగ్గలు లేవు.

తొమ్మిదో తరగతిలో నాకు తలనొప్పి మొదలయింది. పొద్దున్న లేవగానే తల వెనక బరువుగా ఉండేది. ఒక్కోసారి ఆడుతూ ఆడుతూ కళ్ళు బైర్లు కమ్మేవి. ఈ సంగతి చెప్పగానే ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు, ఎందుకంటే జబ్బు ఏమిటో అందరికీ అప్పటికే తెలుసు. మా వైపు దానికొక సూత్రం ఉంది. లావుగా ఉన్నవాళ్ళకు, వయసు మళ్ళినవాళ్ళకు వచ్చేది బీపీ. సన్నగా ఉన్నవాళ్ళకు కళ్ళు తిరిగితే అది లోబీపీ. దాన్ని కనిపెట్టడానికి మిషను అక్కర్లేదు, మనిషిని ఎగాదిగా ఒక్కసారి చూస్తే చాలు. మందు కూడా షాపులో కొననక్కర్లేదు, వంటింట్లో జాడీలో ఉంటుంది. ఉప్పు.

మామ్మకు బీపీ చూడడానికి ప్రతి నెలా మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరుగారు సైకిలు మీద వచ్చేవారు. ఆయన చదివింది మెడిసిన్ కాదని అందరికీ తెలుసు. అర్ధరాత్రి లేపినా వస్తారని కూడా అందరికీ తెలుసు కాబట్టి మొదటి సంగతి ఎవరూ పట్టించుకునేవారు కాదు. అమ్మ ఆయనకు నా తలనొప్పి గురించి చెప్పింది. ఆయన మామ్మ చేతికి పట్టీ చుడుతూనే నా వైపు చూసి, "నీరసమండీ. లోబీపీ. ఉప్పేసి మజ్జిగ పట్టించండి" అన్నారు. మిషను అక్కడే ఉంది. నేనూ అక్కడే ఉన్నాను. మా ఇద్దరికీ మధ్య మూరెడు దూరం. దాన్ని నాకు పెట్టి చూడాలన్న ఆలోచన మాత్రం ఆయనకు గానీ, అమ్మకు గానీ, నాకు గానీ రాలేదు. పిల్లలకు బీపీ చూడడం అంటే దూడకు ముక్కుతాడు వేసినట్టు ఉండేది మాకు.

అప్పటినుంచి మా వంటింట్లో ఉప్పుకు బదిలీలు జరిగాయి. మామ్మ గిన్నెలో తగ్గినదంతా నా కంచంలోకి వచ్చేది. పొద్దున్నే ఉప్పు మజ్జిగ. బడి నుంచి రాగానే కొబ్బరినీళ్ళు, అందులోనూ చిటికెడు. అన్నంలోకి మాగాయ, ఊరమిరపకాయలు, ఓడలరేవు నుంచి తట్టలో తెచ్చి అమ్మే మెత్తళ్ళనే చిన్న ఎండుచేపల వేపుడు. తలనొప్పి ఎక్కువైన రోజున అమ్మ మజ్జిగలో ఇంకొంచెం వేసేది. ఇంకొంచెం వేస్తే తలనొప్పి ఇంకొంచెం పెరిగేది. పెరిగింది కాబట్టి మరి కాస్త. భోజనాల దగ్గర అటు చివర మామ్మ, ఇటు చివర నేను కూర్చునేవాళ్ళం. ఆవిడ నా కంచం వైపు చూసే చూపులో ఆకలి ఉండేది. నేను ఆవిడ గిన్నె వైపు జాలిగా చూసేదాన్ని. నేను తినాల్సిన భోజనం కూడా ఆవిడ గిన్నెలోనే ఉందని అప్పుడు మాకు తెలియదు.

ఇంతకీ నేను ఆడేది బాల్ బ్యాడ్మింటన్. అంతకు ముందు ఏడాది తుఫానుకు బడి వెనక తోటలో కొబ్బరిచెట్లు వరసగా పడిపోయాయి. ఊరంతా చెట్ల గురించి ఏడుస్తుంటే మా పీఈటీ మాస్టారు మాత్రం ఖాళీ అయిన నేలను అడుగులతో కొలుచుకుని సున్నం గీతలు వేశారు. అదే మా కోర్టు. కోర్టులో ఒక పక్కకు అయిదుగురు, పసుపు రంగు ఉన్ని బంతి, చెక్క బ్యాటు. సన్నగా ఉండడం ఒక్కచోట పనికొచ్చింది. బంతి ఎక్కడ పడినా అక్కడ ఉండేదాన్ని. మాస్టారు నన్ను వెనక ఎడమ మూలలో నిలబెట్టి, "అటువైపు మనకి గోడ ఉందండీ" అని వచ్చినవాళ్ళకు చెప్పేవారు. ఈనెపుల్లకు గోడగా ప్రమోషన్ వచ్చింది.

పదో తరగతిలో మా జట్టు జోన్‌లో గెలిచింది, జిల్లాలో గెలిచింది. రాష్ట్రస్థాయి పోటీలు కర్నూలులో అన్నారు. కర్నూలు అంటే రాజమండ్రి వెళ్ళి రైలెక్కాలి. మా కోనసీమలో నీళ్ళున్నాయి, పడవలున్నాయి, రైలు మాత్రం లేదు. మా జట్టులో సగం మందికి రైలు అంటే పుస్తకంలో బొమ్మ. నాకు కప్పు మీద ఎంత ఆశ ఉండేదో రైలు మీద అంతకంటే ఎక్కువ ఉండేది. అన్నిటికంటే ఎక్కువగా, ఊళ్ళో నా మణికట్టు పట్టుకుని చూసిన ప్రతి మనిషికీ రాష్ట్ర పోటీల బ్యాడ్జీ చూపించాలని ఉండేది. ఇది గొప్ప ఆశయం కాదని తెలుసు. అయినా నా దగ్గర ఉన్న ఆశయం అదే.

వెళ్ళేముందు ఒక లాంఛనం మిగిలింది. పిల్లలందరూ ఆరోగ్యంగా ఉన్నారని డాక్టరు సంతకం కావాలి. మామూలుగా మాస్టారు కాగితాలు తీసుకెళ్తే ఎవరో ఒక డాక్టరు టీ తాగుతూ పెట్టేసేవారు. డాక్టర్లకు మా ఆరోగ్యం మీద అంత నమ్మకం. ఈసారి అమలాపురం ఆసుపత్రికి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆవిడ పిల్లలు ఎక్కడ అని అడిగిందట. మాస్టారు ఇదేదో కొత్త ఆచారం అనుకుంటూ మమ్మల్నందరినీ బస్సెక్కించి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి బరువు చూసింది, గుండె వింది, బీపీ చూసింది. మా జట్టుకి నవ్వు ఆగలేదు. బీపీ చూపించుకుంటున్న ప్రతి అమ్మాయీ మా మామ్మలా మొహం పెట్టింది. నా వంతు వచ్చింది. పట్టీ చుట్టి గాలి కొట్టి, ఆవిడ పాదరసం వైపు చూసింది. కాసేపు ఊరికే కూర్చోమంది. మళ్ళీ కొట్టింది. అలమరలోంచి చిన్న పట్టీ తెప్పించి, నా చేతికి అది సరిపోతుందని చెప్పి, అదీ కట్టి చూసింది. తరువాత ఎడమ చెయ్యి. తరువాత బల్ల మీద పడుకోమని కాలికి కట్టింది. కాలికి బీపీ చూడడం మా జట్టు ఎన్నడూ వినలేదు. బయట నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. అందరికంటే సన్నగా ఉన్నదాన్ని కాబట్టి చేతిలో చాలినంత బీపీ దొరక్క కాలిలో వెతుకుతున్నారని మా కెప్టెన్ మిగతావాళ్ళకు వివరించిందట.

తలనొప్పి వస్తుందా అని అడిగింది డాక్టరమ్మ. వస్తుందన్నాను. చిన్నప్పుడు జ్వరాలు ఎక్కువగా వచ్చేవా, ఒంటేలుకు వెళ్తే మంట ఉండేదా అని అడిగింది. మాస్టారు పక్కనే ఉన్నారు. నేను నేల వైపు చూశాను. ఆవిడ మాస్టారుని బయటికి పంపి, మళ్ళీ అదే అడిగింది. వచ్చేవి అన్నాను. ఉప్పు గురించి అడిగినప్పుడు మాత్రం ధైర్యంగా, మజ్జిగలో ఎంత వేస్తారో చేత్తో చూపించి మరీ చెప్పాను. మా అమ్మ శ్రద్ధ ఆవిడకు తెలియాలని. ఆవిడ కలం పక్కన పెట్టేసింది.

మాస్టారు లోపలికి వచ్చి, పిల్ల పొద్దున్నుంచి ఏమీ తినలేదని, నీరసం అయి ఉంటుందని అన్నారు.

"నీరసం కాదండీ. బీపీ. పైది నూట అరవై దాటింది. ఎందుకుందో తెలిసి, అది తగ్గేదాకా ఈ అమ్మాయి పోటీలకు వెళ్ళకూడదు" అంది.

అందరి కాగితాల మీదా సంతకం పడింది, నా దాని మీద తప్ప. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. అంటుకుంటుందని కాదు, ఏం మాట్లాడాలో తెలియక. ఎప్పుడూ కిటికీ సీటు కోసం నాతో కొట్టుకునేవాళ్ళు, ఆ రోజు నాకు మొత్తం సీటు ఇచ్చేశారు.

ఇంటికి వచ్చి బీపీ అని చెప్పగానే, అమ్మ "లోనే కదా" అంది, తెలిసిన సంగతే అన్నట్టు. లో కాదు, హై అన్నాను. అమ్మ చేతిలో గరిట ఆగింది. నాన్నగారు పేపరు దించారు. మామ్మ మాత్రం ముందుగా అడగాల్సినది అడిగింది.

"ఎంతన్నారే?"

చెప్పాను.

"నాకంటే ఎక్కువా?"

ఆవిడ మొహంలో దిగులు ఉంది, అబద్ధం చెప్పను, కొంచెం అవమానం కూడా ఉంది. ఇన్నాళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన పదవి, నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల ఎగరేసుకుపోయింది. ఎవరికైనా అంత తేలిగ్గా మింగుడుపడదు.

తప్పు మిషనుది అని అమ్మ తేల్చింది. నాన్నగారు వెళ్ళి ఆర్‌ఎంపీ డాక్టరుగారిని పిలుచుకొచ్చారు. ఆయన నా చేతికి తన పట్టీ చుడితే అది నన్ను పూర్తిగా చుట్టేసి ఇంకా మిగిలింది. మామ్మ చేతి కోసం కొన్న పట్టీ అది. గాలి కొట్టారు, విన్నారు, చెవుల్లోంచి గొట్టాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. పాదరసం పాడైందన్నారు. అలా అని వదిలేస్తే బాగుండేది, కానీ ఆయన నిజాయితీ గల మనిషి, రుజువు చెయ్యాలనుకున్నారు. తన చేతికే చుట్టుకుని చూసుకున్నారు. సరిగ్గా ఉంది. నాన్నగారికి చూశారు. సరిగ్గా ఉంది. అమ్మకు కొంచెం ఎక్కువ చూపించింది, ఆ క్షణంలో ఎవరికైనా చూపిస్తుంది. మామ్మకు చూస్తే మాత్రల పుణ్యమా అని నిండు ఆరోగ్యం. పక్కింటాయన ఏమిటి హడావిడి అని చూడడానికి వచ్చి, తన చెయ్యి కూడా చాపారు. సరిగ్గా ఉంది. విచారణలో సాక్షులందరూ మిషను తరఫునే చెప్పారు. మళ్ళీ నాకు పెట్టారు. ఆయన ఈసారి గాలి తీసేసి, పట్టీ మడిచి పెట్టెలో పెట్టుకున్నారు.

"కాకినాడ తీసుకెళ్ళండి" అన్నారు నాన్నగారితో. "నేను ముందే పెట్టి చూడాల్సిందండీ."

ఆ మాట అన్నందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. ఆ తరువాత ఆయన వైద్యంలో కూడా ఒక మార్పు వచ్చింది. తలనొప్పి అన్న ప్రతి పిల్లవాడికీ మిషను పెట్టడం మొదలుపెట్టారు. ఊళ్ళో పిల్లలు నన్ను చాలాకాలం క్షమించలేదు.

మర్నాడు సాయంత్రం పీఈటీ మాస్టారు ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, అసలు సంగతి నెమ్మదిగా బయటపెట్టారు. కాగితాలు పంపడానికి ఇంకా వ్యవధి ఉంది. తనకు తెలిసిన డాక్టరు ఒకాయన ఉన్నారు. పిల్లను తీసుకెళ్ళనక్కర్లేదు, కాగితం చాలు. కర్నూలు వెళ్ళి వచ్చాక వెళ్ళినా కాకినాడ ఎక్కడికీ పారిపోదు, మూడు రోజుల పోటీలు. ఆయన చెడ్డవాడు కాదు. గోడ లేకుండా జట్టును ఎలా తీసుకెళ్ళాలో ఆయనకు తెలియలేదు, అంతే.

నేను తలుపు వెనక ఉన్నాను. నాకు ఆ డాక్టరు ఎవరో తెలియకపోయినా అప్పటికే ఆయన మీద భక్తి కలిగింది. అమ్మ కూడా మెత్తబడింది. ఇన్నాళ్ళూ ఉన్నదే కదా, ఏమీ కాలేదు కదా అంది. పిల్ల బెంగ పెట్టుకుంటే అదీ మంచిది కాదంది. నాన్నగారు చుట్ట వెలిగించుకుంటూ వెలిగించుకుంటూ అగ్గిపుల్లలు అవగొట్టారు. ఆయన ఎటు మొగ్గుతారో నేను లెక్కేసుకున్నాను. రైలు దాదాపు ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది.

అప్పుడు మామ్మ లోపలినుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మేష్టారూ, ఈళ్ళ తాతగారు ఎలా ఉండేవోరో మీకు తెలీదు" అంది. "దీనిలాగే ఉండేవోరు, ఊడ్చే పుల్లలాగ. ఆయనకి బీపీ ఏంటని ఎవరూ చూళ్ళేదండీ. వాకిట్లో పడిపోయేక చూసేరు. అప్పుడు చూసి ఏం చేసేరు, కాగితం మీద రాసుకున్నారు. దీనికి పడకముందే తెలిసింది. తెలిసేక కూడా పంపించేస్తే ఇంక ఆ మిషనెందుకండీ, కాలవలో పారెయ్యండి."

ఆవిడ చెయ్యి నుదుటి మీదికి వెళ్ళలేదు. అందుకే మేమందరం విన్నాం.

తాతగారి గురించి నాకు తెలిసింది గోడ మీద ఫోటో మాత్రమే. అందులో ఆయన బుగ్గలు లోపలికి ఉన్నాయని అప్పటిదాకా గమనించలేదు. మాస్టారు లేచి, "తప్పయిపోయిందండీ మామ్మగారూ" అన్నారు. నాన్నగారు ఆరిపోయిన చుట్టను పక్కన పెట్టి, రేపు పొద్దున్న మొదటి బస్సుకి వెళ్తామన్నారు. నేను తలుపు వెనక ఏడ్చాను. బాగా, వెక్కి వెక్కి ఏడ్చాను. ఏడిస్తే బీపీ పెరుగుతుందని అమ్మ వచ్చి చెప్పింది. ఏడవడానికి కూడా స్వేచ్ఛ లేని జబ్బు అని అప్పుడే అర్థమయింది.

కాకినాడ వెళ్ళాలంటే అప్పటికి ఎదుర్లంక దగ్గర వంతెన లేదు. పంటు మీద గోదావరి దాటి యానాంలో మళ్ళీ బస్సెక్కాలి. పంటులో అమ్మ నా చెయ్యి వదల్లేదు, నేను ఎక్కడ గోదావరిలోకి జారిపోతానో అన్నట్టు. ఆసుపత్రిలో రక్తం తీశారు, మూత్రం తీసుకున్నారు, పొట్ట మీద చల్లటి జిగురు రాసి స్కానింగు తీశారు. స్కానింగు డాక్టరు తెర వైపు చూసి మరో డాక్టరుని పిలిచారు. ఇద్దరు డాక్టర్లు ఒకే పొట్ట వైపు చూస్తుంటే ఎంత ధైర్యం ఉన్నవాళ్ళకైనా కాస్త నవ్వు తగ్గుతుంది. నాకూ తగ్గింది.

నా కిడ్నీల్లో ఎడమది చిన్నదట. చిన్నప్పుడు వచ్చిన జ్వరాల్లో కొన్ని మామూలు జ్వరాలు కాదట, మూత్రంలో చీము చేరి వచ్చినవట. సరిగ్గా మందులు పడక ఆ కిడ్నీ మీద మచ్చలు పడి ఎదగడం మానేసిందట. అది తన బాధ కొద్దీ ఒంట్లో ఒత్తిడి పెంచుతోందని, పైన మేము పోసిన ఉప్పు దానికి తోడైందని పెద్ద డాక్టరు చెప్పారు. రెండోది బాగా పని చేస్తోంది. మాత్రలు వాడి, ఉప్పు తగ్గించి, బీపీ అదుపులో పెట్టుకుంటే ఆ బాగున్నది బాగానే ఉంటుందన్నారు. అదుపులో పెట్టకపోతే ఏమవుతుందో కూడా చెప్పారు. అది ఆయన నాతోనే చెప్పారు, నాన్నగారితో కాదు. అందుకు ఆయన నాకు నచ్చారు.

ఆ జ్వరాలన్నిటికీ అప్పట్లో మా ఇంట్లో ఒకటే కారణం, దిష్టి. బక్కపిల్లకు ఎవరు దిష్టి పెడతారన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు. అమ్మ తిరుగు పంటులో ఉప్పు మజ్జిగ సంగతి తలుచుకుని కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నువ్వు వేసింది నా మంచికేగా అన్నాను. ఆవిడ ఇంకా ఎక్కువగా ఏడ్చింది. ఓదార్పు నా చేతికి వచ్చిన విద్య కాదు. కిడ్నీ కదా చిన్నది, నోరు కాదు కదా అన్నాను. అప్పుడు నవ్వింది.

ఇంటికి రాగానే మామ్మ పక్కన నాకూ పీట పడింది, ఆవిడ ఉప్పులేని గిన్నెలోంచే నాకూ వడ్డన. మొదటిరోజు ముద్ద నోట్లో పెట్టుకుని ఆశ్చర్యపోయాను. బాగానే ఉంది. ఉప్పు లేకపోయినా ఇంత రుచిగా ఉంటుందా అనుకున్నాను. రెండో ముద్దకు కూర అడుగున ఆవకాయ ముక్క తగిలింది. తలెత్తి చూస్తే మామ్మ దూలం వైపు చూస్తోంది. ఆ గిన్నెలోకి ఆవకాయ రోజూ ఎలా వస్తోందో అమ్మకు తెలియదు, నాన్నగారికి తెలియదు. ఆ గిన్నెకు ఇన్నాళ్ళకు రెండో హక్కుదారుగా వచ్చాను కాబట్టి నాకు తెలిసింది.

"చెప్తావా ఏంటే, బుల్లీ" అంది నెమ్మదిగా.

చెప్పను గానీ, నా బీపీ తగ్గకపోతే వచ్చే ఏడు కూడా నన్ను పంపరు అన్నాను. ఆవిడ చాలాసేపు నమిలింది. ఆ ముక్క ఆవిడ తినే ఆఖరి ముక్క అని ఆ నమలడంలోనే తెలిసిపోయింది. మర్నాటినుంచి మా కూర నిజంగా చప్పబడింది. ఇద్దరం నిమ్మకాయ పిండుకుని, మిరియాల పొడి చల్లుకుని, అమ్మ వంటను తిట్టుకుంటూ తినేవాళ్ళం. అంత ఐకమత్యం మా ఇంట్లో అంతకు ముందు లేదు.

జట్టు కర్నూలు వెళ్ళింది. నేను అమలాపురం బస్టాండు దాకా వెళ్ళి సామాన్లు ఎక్కించాను. నా చోట మాస్టారు తొమ్మిదో తరగతి అమ్మాయిని తీసుకెళ్ళారు, బుగ్గలున్న అమ్మాయి. నేను లేకుండా వీళ్ళు మొదటి మ్యాచ్‌లోనే వెనక్కి వస్తారని, అప్పుడు అందరూ నన్ను తలుచుకుంటారని ఆ వారమంతా ఇంట్లో కూర్చుని చాలా నమ్మకంగా ఎదురుచూశాను. మూడో బహుమతి కప్పు తీసుకొచ్చారు. మా బడి చరిత్రలో అంత పెద్ద కప్పు లేదు. ఆ అమ్మాయి ఎడమ మూలలో ఎలా ఆడిందో అందరూ వచ్చి వచ్చి నాకే చెప్పారు. నన్ను తలుచుకున్నారా అని ఎవరినీ అడగలేదు. అడగాల్సిన అవసరం కనిపించలేదు.

మాత్రలు పని చేశాయి. మొదట్లో మోతాదు మార్చారు, పొడి దగ్గు వస్తే మందు మార్చారు, తలనొప్పి ఎప్పుడు పోయిందో గమనించనంత నెమ్మదిగా పోయింది. డాక్టరమ్మ దగ్గరికి నెల నెలా వెళ్ళేదాన్ని. చిన్న పట్టీ నా కోసమే అలమరలో పై అరలో ఉండేది. ముందు నడవమంది, తరువాత పరిగెత్తమంది, తరువాత మెల్లగా ఆడుకోమంది. ఈలోగా ఊళ్ళో నా పరపతి మారిపోయింది. మణికట్టు పట్టుకోవడం మానేశారు. నేను గట్టిగా నవ్వినా "అమ్మో, నెమ్మదిగానమ్మా" అనేవారు. లెక్కల్లో తక్కువ మార్కులు వస్తే మాస్టార్లు కోప్పడేవారు కాదు. సైకిలెక్కితే ఎవరో ఒకరు దింపేసేవారు. మామ్మకు అంత సుఖాన్నిచ్చిన పదవి నాకు ఎందుకో సరిపడలేదు. ఆవిడ దాంతో పనులు తప్పించుకునేది. నాకు చెయ్యాలనుకున్న పనులే తప్పిపోయేవి.

ఇంటర్ మొదటి సంవత్సరంలో, కాలేజీ జట్టుకి రాజోలులో పోటీలు పెట్టారు. డాక్టరమ్మ రెండు చేతులకూ చూసి, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసి, కాగితం దగ్గరికి లాక్కుంది. సంతకం పెట్టి, కింద తేదీ వేసి, మాత్ర మాత్రం ఆ రోజు కూడా మానకూడదంది. అలాగేనండి అన్నాను. గుమ్మం దాకా మర్యాదగా నడిచాను. తరువాత బస్టాండు దాకా పరిగెత్తాను.

రాజోలులో మేము మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం. అవతలి జట్టు మాకంటే బాగా ఆడింది, అంతకుమించి కథ లేదు. ఎడమ మూలలోకి వచ్చిన బంతులు నేను వరసగా వదిలేశాను. ఏడాదిగా సరిగ్గా ఆడనిదాన్ని, కాళ్ళు వెళ్ళాక బంతి రావడం మానేసి, బంతి వెళ్ళాక కాళ్ళు వస్తున్నాయి. మ్యాచ్ అయిపోయాక మా కాలేజీ పీడీగారు, నా గురించి ఏమీ తెలియని మనిషి, కొత్తగా వచ్చినాయన, అందరినీ వరసలో నిలబెట్టి, నా ముందు ఆగారు. పక్కనున్న అమ్మాయి నా ఆరోగ్యం గురించి ఆయన చెవిలో వెయ్యబోయింది. నేను ఆమె కాలు తొక్కాను.

"ఏంటమ్మా ఆ ఆట?" అన్నారాయన. "బంతి నీ ముందు పడుతుంటే గుళ్ళో దేవుణ్ణి చూసినట్టు చూస్తా నిలబడిపోయేవు. కళ్ళెక్కడెట్టుకున్నావ్?"

ఆయన ఆగలేదు. మైదానమంతా వినేటట్టు, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా తిట్టారు. ఒక్కసారైనా "నెమ్మదిగానమ్మా" అనలేదు. నేను నిటారుగా నిలబడి, ఒక్క తిట్టు కూడా కింద పడనివ్వకుండా అన్నీ పట్టుకున్నాను. ఆ రోజు నేను పట్టుకున్నవి అవే.

"ఎండ కళ్ళలో పడిందండీ" అన్నాను చివరికి.

"ఎండ అందరికీ పడిందమ్మా" అన్నారు. "రేపు ఆరింటికల్లా గ్రౌండులో ఉండు."